కారేదంతా జలుబు కాదు!

జనవరి నుంచి మార్చి దాకా ఆర్మూరు పల్లెల్లో పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం... ఒకటే హడావిడి! ఆ దుమ్ముకి ముక్కు కారడం ఆడవాళ్ళకి మామూలే. కానీ కారేదంతా జలుబు కాదండీ.

దుమ్ముకైతే తుమ్ములొస్తాయి, ముక్కు రెండు వైపులా కారుతుంది. అలాకాక, వంగి ఇల్లు ఊడుస్తుంటే ఒక్క వైపు నుంచే నీళ్ళలా టపటపా రాలి, గొంతులో ఉప్పగా తగిలితే అనుమానించాలి. అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. మెదడుకీ ముక్కుకీ మధ్యనున్న పల్చటి ఎముకలో చిల్లు పడితే ఇలా కారుతుంది. తలకి దెబ్బ తగిలినవారికే కాదు, ఏ దెబ్బా లేకుండా లావుగా ఉన్న నడివయసు స్త్రీలకీ రావచ్చు. ఆవిరి పట్టి ఊరుకుంటే ఆ చిల్లులోంచి క్రిములు చేరి మెదడు పొరలు వాచే ప్రమాదం ఉంది.

కారిన నీటిని శుభ్రమైన సీసాలో పట్టి ఈఎన్‌టీ డాక్టరుకివ్వండి. బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్షలో సంగతి తేలుతుంది. చిల్లు ఎక్కడుందో స్కాన్ చెబుతుంది.

పూర్వం పుర్రె తెరిచి మూసేవారు. 1981లో జర్మన్ డాక్టరు విగాండ్ ఎండోస్కోపుతో ముక్కులోంచే సరిచేశారు. ఇప్పుడు ముక్కు లోపలి పొరనో, తొడ నుంచి తీసిన పొరనో అతికిస్తారు. మొహం మీద గాటుండదు. నూటికి తొంభై మందికి మొదటిసారే నయమవుతుంది.

ఆ తర్వాత కొన్ని వారాలు ముక్కు చీదకండి, నీళ్ళబిందె ఎత్తకండి. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మండి. ఈఎన్‌టీ జబ్బులకే ప్రత్యేకమైన ప్రభుత్వ ఆసుపత్రి హైదరాబాదు కోఠిలో ఉంది. పసుపు పనులయ్యాక చూద్దాంలే అని మాత్రం వాయిదా వేయకండి!