కోతకు ముందు ఫైలు

సూరారం, జీడిమెట్ల, గాజులరామారం లాంటి చోట్ల దేవుడి గది జాలీ తలుపు, గేటు పక్క నేమ్ బోర్డు, వంటగది అల్మారా పలకలు సీఎన్‌సీ, అంటే కంప్యూటర్‌తో నడిచే యంత్రం మీద కోతకు వస్తుంటాయి. చేత్తో కోసే వడ్రంగి గీత పక్కకు పోతే చూసి సర్దుకుంటాడు. యంత్రం ఫైల్లో ఉన్న గీతను ఉన్నట్టే కోస్తుంది. షీటు మిగిలేదీ పాడయ్యేదీ కంప్యూటర్ దగ్గరే తేలిపోతుంది.

కోతకు ఎక్కువగా వాడే ఫైలు డీఎక్స్‌ఎఫ్. 1982లో ఆటోక్యాడ్‌తో పాటు వచ్చిన ఈ ఫైల్లో గీతలు, వంపులు కొలతలతో సహా ఉంటాయి. వాట్సాప్‌లో పంపే ఫొటోలో ఉండేవి రంగుచుక్కలే. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో ట్రేస్ చేయిస్తే గీత దొరుకుతుంది గాని, నున్నటి వంపు రావలసిన చోట వందల చిన్న ముక్కలు పడతాయి. యంత్రం వాటి దగ్గర వేగం తగ్గించుకుంటూ పోతుంది, అంచు గరుకుగా వస్తుంది. జాలీ తలుపుకైతే ఫొటోను అడుగున పెట్టుకుని ఒక్క పువ్వును శుభ్రంగా గీసి, సరిచూసుకున్నాకే తలుపంతా కాపీ చేయడం మేలు. నలభై పువ్వులు పరిచాక తప్పు కనబడితే నలభై చోట్లా దిద్దాలి.

ఇంటి కొలతలు అడుగుల్లో, అంగుళాల్లో, నూళ్లలో వస్తాయి. షాపులో పని మిల్లీమీటర్లలో జరుగుతుంది. చాలా డీఎక్స్‌ఎఫ్ ఫైళ్లలో అంకె ఉంటుంది గాని, అది అంగుళమో మిల్లీమీటరో తేలదు. 24 అంగుళాల పలక 24 మిల్లీమీటర్ల ముక్కగా తెరుచుకునేది అందుకే. తెలిసిన కొలత ఒకటి ఫైలు పక్కనే రాసి ఉంచితే ఆపరేటర్ ఇట్టే పోల్చుకుంటాడు. గీత చివరలు కలవకపోతే ఏది లోపలో ఏది బయటో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఒకే గీత రెండుసార్లు పడితే యంత్రం రెండుసార్లు కోస్తుంది. ఈ రెండింటినీ పంపేముందే ఏరేయాలి.

బిట్‌కు మందం ఉంటుందన్నది అందరికీ తెలుసు, గీసేటప్పుడు మాత్రం మరచిపోతారు. 6 మిల్లీమీటర్ల బిట్ సరిగ్గా గీత మీదే నడిస్తే 100 మిల్లీమీటర్ల పలక 94కు తగ్గుతుంది, 100 మిల్లీమీటర్ల రంధ్రం 106కు పెరుగుతుంది. పలకకు గీత బయట, రంధ్రానికి గీత లోపల కోయించాలి. ఎనిమిదడుగుల షీటు 2440 మిల్లీమీటర్లు. అందులో రెండడుగుల పలకలు నాలుగు వస్తాయని కాగితం మీద లెక్క. కానీ మధ్యలోని మూడు కోతలే 18 మిల్లీమీటర్లు తినేస్తాయి. అంచులు ఏమీ తీయకపోయినా ఒక్కో పలక 605 దగ్గర ఆగుతుంది. రెండడుగులకు తక్కువపడే ఆ 5 మిల్లీమీటర్లు డిజైన్‌లోనే తగ్గించుకుంటే ఇంకో షీటు కొనే అవసరం ఉండదు.

గుండ్రటి బిట్ లోపలి మూలను చదరంగా కోయలేదు. పలకలో పలక దూర్చే గాడి అయితే, మూలలో బిట్ పట్టేంత చిన్న గుండ్రం ముందే గీయాలి. 18 మిల్లీమీటర్లని అమ్మే ప్లైవుడ్ కొలిస్తే తరచుగా కొంచెం తక్కువే ఉంటుంది. గాడి వెడల్పును వెర్నియర్‌తో కొలిచిన మందాన్ని బట్టి పెట్టాలి.

నేమ్ బోర్డుల్లో తెలుగు అక్షరాలకు ప్రత్యేక శ్రద్ధ కావాలి. అను ఫాంట్లతో టైప్ చేసిన పేరు, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో గజిబిజిగా కనిపిస్తుంది. అందుకని అక్షరాలను కర్వులుగా మార్చే పంపాలి. ఒకదానిమీదొకటి ఎక్కిన గుణింతపు గీతల్ని వెల్డ్ చేసి ఒకే గీతగా కలపాలి, లేదంటే అక్షరం మధ్యలో కోత పడుతుంది. రేకులోంచి అక్షరాలను తొలిచేస్తే ‘నిలయం’లోని సున్నా నడుమ బిళ్ల ఊడి పడిపోతుంది, దాన్ని పట్టి ఉంచే సన్నని వంతెనలు గీయాలి. అక్షరాలనే విడిగా కోసి అతికించే పనిలో చిక్కు వేరు. ‘అమ్మ’ కింది మావత్తు వేరే ముక్కగా వస్తుంది. దాన్ని పై అక్షరానికి తాకేలా జరపాలి, లేదా ఎక్కడ అతికించాలో గుర్తు ఇవ్వాలి. ఈ సంగతులు తెలుగు చదవగలిగిన మనిషి మాత్రమే పట్టుకోగలడు. సాఫ్ట్‌వేర్‌కు వదిలేయకూడదు.

కోత వరుస కూడా ఫైలు నుంచే మొదలవుతుంది. రంధ్రాలు ఒక లేయర్, గాడులు ఒక లేయర్, బయటి అంచు ఒక లేయర్ అని రంగులతో విడదీస్తే చివరిగా బయటి అంచు కోయించవచ్చు. ముందే అంచు తెగితే పలక కదిలి లోపలి పని చెడుతుంది. చిన్న ముక్కలు ఎగిరిపోకుండా అక్కడక్కడ తెగని ట్యాబ్‌లు వదలాలి. ముక్కల్ని షీటు మీద సర్దేటప్పుడు ఎండీఎఫ్‌ను ఎటు తిప్పినా ఫరవాలేదు. వెనీర్ ప్లైవుడ్‌కు చార దిశ మారకూడదు.

ఏ పదార్థం ఏ యంత్రం మీదకు వెళ్లాలో ఫైల్లో రాయడం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం. డబ్ల్యూపీసీ పేరుతో అమ్మే బోర్డుల్లో చాలావాటికి మూలం పీవీసీ. లేజర్ తగిలితే దానిలోంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులకు హాని, యంత్రానికి తుప్పు. అలాంటి బోర్డును బిట్‌తో కోసే రూటర్ మీదే కోయించాలి. పదార్థం, మందం, ఎన్ని ముక్కలు అన్నవి ఫైలు పేరులోనే ఉంటే, ‘కొత్తది’, ‘ఫైనల్’ అన్న పేర్ల మధ్య పాత ఫైలు కోతకు వెళ్లే ప్రమాదం తగ్గుతుంది.