నలుగురి చదరంగంలో దారి తప్పించే పాత లెక్కలు

ఒకే బల్లపై నలుగురు ఆడే చదరంగం మన దేశానికి కొత్తది కాదు; 1030 ప్రాంతంలో భారతదేశాన్ని గురించి గ్రంథం రచించిన అల్‌బెరూనీ, పాచికలు వేస్తూ నలుగురు ఆడే ఆటను అందులో వర్ణించాడు. నేడు ఆన్‌లైన్‌లో విరివిగా ఆడుతున్న రూపంలో పాచికలు లేవు. 14 వరుసల బల్లకు నాలుగు మూలల్లోనూ తొమ్మిదేసి గళ్లు తీసివేయగా మిగిలిన 160 గళ్లపై ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ సేనలు అదే వరుసలో ఎత్తులు వేస్తాయి. ఇద్దరి ఆటలో ఆరితేరినవారు సైతం ఇక్కడ తడబడటానికి కారణం, ఎదుటివాడి నష్టమంతా తమ లాభమేనన్న పాత లెక్కను వదులుకోలేకపోవడమే.

ఎవరికి వారే ఆడే పద్ధతిలో సమాన మార్పిడి, అంటే గుర్రానికి గుర్రాన్ని ఇచ్చిపుచ్చుకోవడం, తరచుగా కనిపించే పొరపాటు. ఎరుపు గుర్రం నీలం గుర్రాన్ని చంపి, నీలం బంటు చేతిలో తానూ చస్తే, ఇద్దరికీ చెరి 3 పాయింట్లు దక్కినా ఇద్దరి సేనలూ చిక్కిపోతాయి. పిట్టపోరు పిల్లి తీర్చినట్లు, పోరులో దిగని మిగతా ఇద్దరూ బలవంతులవుతారు. శకటునిచ్చి గుర్రాన్ని తీసుకోవడం ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే ఐమూలగా దూరం సాగే దారులున్న ఈ బల్లపై శకటు విలువను ఏనుగుతో సమానంగా 5గా కడతారు.

మంత్రిని తొలి ఎత్తుల్లోనే బయటికి తెచ్చేవారు, తమ వంతు మళ్లీ వచ్చేలోగా ముగ్గురు ఆడతారన్న సంగతి మరచిపోతారు. ఎరుపు మంత్రిపై నీలం శకటు గురిపెట్టిన వెంటనే పసుపు ఏనుగు ఎరుపు రాజుకు చెక్ చెబితే, ఎరుపు ఆటగాడు ముందుగా రాజును కాచుకోక తప్పదు; ఆ మరు ఎత్తులోనే నీలం శకటు మంత్రిని చంపుతుంది. నీలానికీ పసుపుకీ ముందస్తు ఒప్పందం ఏదీ అక్కర్లేదు. అలాగే బలగాన్ని బలిపెట్టి ఒకరి రాజును బట్టబయలు చేసినవాడికే చెక్‌మేట్ తాలూకు 20 పాయింట్లు దక్కుతాయన్న భరోసా లేదు, తరువాతి వంతువాడు వాటిని తన్నుకుపోవచ్చు.

ఎదురెదురుగా కూర్చున్నవారు జోడీ కట్టే పద్ధతిలో వరుస మరింత కీలకం. ఎరుపు ఆటగాడు ఎడమనున్న నీలంపై దాడిచేస్తే జవాబు వెంటనే వస్తుంది. కుడివైపు ఆకుపచ్చపై గురిపెడితే, నీలం ఒక్క ఎత్తుతో అడ్డుపడగలిగినా, ఆకుపచ్చ కదిలేలోగా జోడీదారైన పసుపు రెండో దెబ్బ వేయగలడు. అందువల్ల కొత్తగా జోడీ కట్టేవారు తొలి దాడికి కుడిపక్క రాజునే ఎంచుకోవడం మేలు.