ఇంటి జ్ఞాపకాలకు నాలుగు డిస్కులు: రైడ్ కంట్రోలర్‌ను కమాండ్లతో అమర్చుకోవడం ఎలా?

దేవనహళ్ళి, విజయపుర, దొడ్డబళ్ళాపుర ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు ఇళ్ళలో ట్రంకుపెట్టెల నిండా పాత పత్రాలు, పెళ్ళి ఫోటోలు, తాతల ఉత్తరాలు ఉన్నాయి. కర్ణాటకలో మనం భాషాపరంగా అల్పసంఖ్యాకులం. మన తెలుగు కాగితాలను మనం దాచుకోకపోతే ఇంకొకరు దాచిపెడతారని ఎదురుచూడలేం. అందుకే చాలా ఇళ్ళలో, సంఘాల్లో వాటిని స్కాన్ చేసి కంప్యూటర్లలో పెడుతున్నారు. 2008లో విమానాశ్రయం వచ్చాక ఈ చుట్టుపక్కల ఐటీ ఉద్యోగాలు చేసే మన పిల్లలూ పెరిగారు. వాళ్ళ సాయంతో కొందరు పాత సర్వర్ కొని రైడ్ పెట్టుకోవాలనుకుంటున్నారు. వారి కోసమే ఈ వివరణ.

రైడ్ అంటే ఏమిటి?

1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక పత్రంలో ఈ పద్ధతిని వివరించారు. చవక డిస్కులు కొన్నింటిని కలిపి ఒకే పెద్ద డిస్కులా వాడాలి, వాటిలో ఒకటి పాడైనా సమాచారం నిలవాలి అన్నదే వారి ఆలోచన.

దీన్ని ఇంటి లెక్కతో చెప్పుకుందాం. ముగ్గురు అన్నదమ్ముల పుస్తకాల్లో 7, 5, 9 అని రాసి ఉంది. నాలుగో పుస్తకంలో మొత్తం 21 అని ఉంది. రెండోవాడి పుస్తకం పోయినా 21లోంచి 7, 9 తీసేస్తే 5 దొరుకుతుంది. రైడ్5 చేసేది దాదాపు ఇదే. కాకపోతే ఆ మొత్తాన్ని ఒకే డిస్కులో పెట్టకుండా అన్నింటికీ పంచుతుంది. రెండు పుస్తకాలు ఒకేసారి పోతే మాత్రం లెక్క తేలదు.

4 టీబీ డిస్కులు నాలుగు ఉన్నాయనుకోండి.

- రైడ్0: 16 టీబీ దొరుకుతుంది. ఒక్క డిస్కు పోయినా అంతా పోయినట్టే.
- రైడ్5: 12 టీబీ. ఒక డిస్కు పోయినా తట్టుకుంటుంది.
- రైడ్6: 8 టీబీ. ఏ రెండు పోయినా తట్టుకుంటుంది.
- రైడ్10: 8 టీబీ. ఒకటి పోతే ఇబ్బంది లేదు. రెండోది అదే జతలోది కాకపోతేనే నిలుస్తుంది.

పెద్ద డిస్కులతో ఇంటి పత్రాలు దాచుకునేవారికి మేము రైడ్6నే సూచిస్తాం. పాడైన డిస్కు స్థానంలో కొత్తది పెట్టాక మిగిలినవన్నీ గంటల తరబడి ఆపకుండా చదవాలి. ఒకేసారి కొన్న డిస్కుల్లో రెండోది కూడా సరిగ్గా అప్పుడే మొరాయించవచ్చు.

కమాండ్లు

మెగారైడ్ రకం కార్డులకు స్టోర్‌సీఎల్‌ఐ అనే సాధనం ఉంది. డెల్ సర్వర్లలో పెర్క్‌సీఎల్‌ఐ కూడా ఇదే తీరులో ఉంటుంది. హెచ్‌పీఈ వారి ఎస్‌ఎస్‌ఏసీఎల్‌ఐ తీరు వేరు. కింద తెలుగు లిపిలో ఇచ్చినవాటిని మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ప్రతిదాని ముందు సాధనం పేరు ఉండాలి.

మొదట ‘/సీ0 షో’ కొడితే కార్డు కనిపిస్తుంది. తరువాత ‘/సీ0/ఈఆల్/ఎస్‌ఆల్ షో’ కొడితే డిస్కుల పట్టిక వస్తుంది. అందులో ప్రతి డిస్కుకు 252:0, 252:1 వంటి చిరునామా ఉంటుంది. మొదటి అంకె పెట్టెది, రెండోది గూటిది. మీ పెట్టె అంకె వేరే ఉండవచ్చు. స్థితి గడిలో ‘యూగుడ్’ అని ఉంటే డిస్కు ఖాళీగా, వాడకానికి సిద్ధంగా ఉన్నట్టు.

ఇప్పుడు ‘/సీ0 యాడ్ వీడీ టైప్=రైడ్6 డ్రైవ్స్=252:0-3’ కొడితే నాలుగు డిస్కులూ ఒకటవుతాయి. ‘/సీ0/వీఆల్ షో’లో ‘ఆప్టిఎల్’ అని కనిపిస్తే అంతా సవ్యంగా ఉంది. ‘డీజీఆర్‌డీ’ అంటే అర్రే దెబ్బతింది, ఇక ఆలస్యం చేయకూడదు. ‘స్టార్ట్ ఇనిట్’ కమాండును కొత్త అర్రే మీద తప్ప వాడవద్దు, ఉన్నదంతా చెరిగిపోతుంది.

అదనంగా ఒక డిస్కు ఉంటే ‘/సీ0/ఈ252/ఎస్4 యాడ్ హాట్‌స్పేర్‌డ్రైవ్’ అని చెప్పి కాపలాకు పెట్టుకోవచ్చు. ఏదైనా పాడైన వెంటనే ఇది దాని స్థానంలోకి వస్తుంది.

పొరపాట్లు జరిగే చోట్లు

కార్డు కీచుమని మోగగానే కంగారుపడి మంచి డిస్కును లాగేయడం తరచుగా జరిగే తప్పు. ముందు ‘/సీ0/ఈ252/ఎస్2 స్టార్ట్ లొకేట్’ కొట్టండి. ఆ గూటి దీపం మెరుస్తుంది. అదే పాడైన డిస్కని పట్టికతో సరిచూసుకున్నాకే చేయి పెట్టండి. కొత్తది పెట్టాక ‘/సీ0/ఈ252/ఎస్2 షో రీబిల్డ్’ కొడితే పని ఎంత శాతం అయిందో చూపిస్తుంది.

రెండోది కరెంటు. కార్డుకు బ్యాటరీ లేకుండా రైట్‌బ్యాక్ పెడితే, కరెంటు పోయినప్పుడు డిస్కుకు చేరని రాతలు మాయమవుతాయి. బ్యాటరీ లేనివారు ‘/సీ0/వీ0 సెట్ డబ్ల్యుఆర్‌క్యాష్=డబ్ల్యుటీ’ పెట్టుకోవాలి. వేగం కొంత తగ్గినా భద్రత ముఖ్యం. యూపీఎస్ ఎలాగూ ఉండాలి.

రైడ్ ఉంటే చాలదు

డిస్కు పోతే రైడ్ కాపాడుతుంది. పొరపాటున చెరిపితే, వైరస్ పడితే, దొంగలు ఎత్తుకెళితే కాపాడలేదు. మన బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ప్రధాన భాగస్వామిగా నడిచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఆ వెబ్‌సైట్ తరువాత మూతపడింది. వాటిలో చాలా పుస్తకాలు నేటికీ చదవగలుగుతున్నామంటే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నకళ్ళు ఉండబట్టే.

మనమూ అదే చేయాలి. దేవనహళ్ళి ఇంట్లో సర్వర్ ఉంటే, హిందూపురంలోనో చిత్తూరులోనో ఉన్న బంధువుల ఇంట ఒక విడి డిస్కులో నకలు ఉంచండి. ఆరు నెలలకోసారి దాన్ని తెరిచి ఫైళ్ళు వస్తున్నాయో లేదో చూడండి. కమాండ్లన్నీ ఒక కాగితం మీద రాసి సర్వర్ పక్కన అంటించండి. అమర్చిన అబ్బాయి రేపు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళినా, ఇంట్లో మిగిలినవాళ్ళకు ఆ కాగితమే ఆధారం.