నూకల ధరకు గీత గీసేది ఈస్టే
ఇథనాల్ గిరాకీని నమ్మి నిల్వ చేసే ముందు కోనసీమ వర్తకులు చూసుకోవలసిన లెక్క

అమలాపురం: సార్వా కోతల వేళ తుపాను వచ్చిన ప్రతి ఏడూ కోనసీమలో రంగు మారిన ధాన్యం సమస్య తలెత్తుతుంది. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపాన తీరం దాటిన మొంథా తుపాను ఈ దిగులును మరోసారి గుర్తు చేసింది. తడిసిన ధాన్యాన్ని మిల్లులో ఆడిస్తే నూక శాతం పెరుగుతుంది. లోగడ ఈ నూకకు కోళ్ల దాణా, కాకినాడ ఎగుమతి ముఖ్యమైన దారులు. వీటికి తోడు ఇథనాల్ డిస్టిలరీ అనే మూడో దారి ఏర్పడింది. పెట్రోలులో కలిపే సరుకు గనుక ఎంత ధరకైనా కొంటారన్న ధీమాతో నిల్వలకు దిగితే మాత్రం చేతులు కాలే ప్రమాదం ఉంది.

కల్లు సూత్రమే

తెల్లవారుజామున దించిన నీరా పొద్దెక్కేసరికి కల్లుగా మారడం కోనసీమ వాసులకు కొత్త కాదు. ఈస్టు అనే సూక్ష్మజీవి నీరాలోని తీపిని తిని, ఆల్కహాలుగాను బొగ్గుపులుసు వాయువుగాను మారుస్తుంది. నీరా కుండ లోపల సున్నం పూసేది ఈ పులుపును ఆపడానికే. డిస్టిలరీ తొట్టెలో జరిగేదీ ఇదే. తణుకులోని ఆంధ్రా షుగర్స్ వంటి సంస్థలు చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్‌ను పులియబెట్టి ఏనాటి నుంచో ఆల్కహాలు తయారు చేస్తున్నాయి.

మొలాసిస్‌లో తీపి సిద్ధంగా ఉంటుంది. నూకలో ఉండేది గంజి. ఈస్టు గంజిని నేరుగా తినలేదు. అందుచేత నూకను పిండి పట్టి, నీటిలో ఉడికించి, ఎంజైములతో గ్లూకోజుగా మార్చాలి. ఆపైన సుమారు 32 డిగ్రీలకు చల్లార్చి ఈస్టు కలుపుతారు. రెండు, రెండున్నర రోజుల్లో పది, పన్నెండు శాతం ఆల్కహాలు గల ద్రవం తయారవుతుంది. దానిని బట్టీ పట్టి 95 శాతానికి తెచ్చి, మిగిలిన నీటిని కూడా తీసివేస్తేనే పెట్రోలులో కలపడానికి పనికివస్తుంది.

వ్యాపారి గమనించవలసిన విషయం తూకంలో ఉంది. వంద కిలోల గ్లూకోజు పూర్తిగా పులిస్తే వచ్చే ఆల్కహాలు 51 కిలోలే. మిగిలిన 49 కిలోలు వాయువుగా పోతుంది. ఎంత మంచి యంత్రం పెట్టినా ఈ పరిమితి మారదు. ఆచరణలో క్వింటాలు నూకకు 42 నుంచి 45 లీటర్లు, మొక్కజొన్నకు 38, చివరి దశ మొలాసిస్‌కు 22 లీటర్లు దిగుతాయి.

బస్తా లెక్క

పాడైన ధాన్యం, నూకల నుంచి తీసిన ఇథనాల్‌కు 2024-25 సీజనులో లీటరు ధర 64 రూపాయలు. క్వింటాలుకు 43 లీటర్ల చొప్పున వచ్చే సొమ్ము 2,752 రూపాయలు. బొగ్గు, ఎంజైములు, కూలి, వడ్డీ కలిపి లీటరుకు 10 రూపాయల ఖర్చు అనుకొన్నా 430 రూపాయలు తరుగు. అంటే ఫ్యాక్టరీ గేటు వద్ద నూక ధర 2,320 దాటితే యజమానికి మిగిలేది పిప్పి దాణా సొమ్మే. ఆ గేటు ధరలోంచి అమలాపురం, రాజోలు మిల్లుల నుంచి లారీ కిరాయి, సంచి, దలాలీ తీసివేస్తేనే ఇక్కడి ధర తేలుతుంది.

ధాన్యంగా చూస్తే సంగతి ఇంకా స్పష్టపడుతుంది. 75 కిలోల బస్తాను ఆడిస్తే బియ్యం, నూక కలిసి సుమారు 50 కిలోలు. అంతా డిస్టిలరీకే పోయినా క్వింటాలుకు 43 లీటర్ల చొప్పున వచ్చేది సుమారు 21.5 లీటర్లే. దాని విలువ సుమారు 1,375 రూపాయలు. అదే సీజనులో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300, అనగా బస్తాకు 1,725 రూపాయలు. తవుడు, ఊక సొమ్ము కలిపినా, తయారీ ఖర్చు తీసివేస్తే ఈ అంతరం పూడదు. కనుక తడిసిన ధాన్యానికి డిస్టిలరీ ఆసరా కాగలదే గాని, రైతుకు మద్దతు ధర ఇప్పించలేదు.

తలుపులు తెరిచేది, మూసేది ప్రభుత్వం

2018 జీవ ఇంధన విధానం నూకలు, పాడైన ధాన్యాల వాడకానికి వీలు కల్పించింది. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని కేంద్రం నిషేధించడంతో కాకినాడ దారి మూసుకుపోయింది. అది తిరిగి తెరుచుకొన్నది 2025 మార్చిలో. ఈలోగా 2023 జూలైలో డిస్టిలరీలకు ఎఫ్.సి.ఐ. బియ్యం సరఫరా నిలిచిపోగా, ఫ్యాక్టరీలు బహిరంగ మార్కెట్లో నూకలకు, మొక్కజొన్నకు ఎగబడ్డాయి. 2024లో క్వింటాలు 2,800కు ఇస్తామన్నా ఎఫ్.సి.ఐ. బియ్యం వైపు ఫ్యాక్టరీలు మొగ్గలేదు. 45 లీటర్ల చొప్పున చూసినా ముడిసరుకే లీటరుకు 62 రూపాయలు పడుతుంది. ఆ ఇథనాల్ ధర 58.50 మాత్రమే. 2025 జనవరిలో బియ్యం ధర 2,250కి తగ్గాకే లెక్క కుదిరింది.

తూర్పుగోదావరి జిల్లా గుమ్మళ్లదొడ్డిలో 270 కోట్ల రూపాయల అస్సాగో ఇథనాల్ ఫ్యాక్టరీకి 2022 నవంబరు 4న శంకుస్థాపన జరిగింది. ప్రతిపాదిత సామర్థ్యం రోజుకు 2 లక్షల లీటర్లు. పూర్తిగా నూకతోనే నడిపితే రోజుకు దాదాపు 465 టన్నులు కావాలి. ఈ అంకె వింటే గిరాకీకి కొదవ లేదనిపిస్తుంది. కాని 2025-26 సీజనుకు చమురు కంపెనీలు 1,050 కోట్ల లీటర్లకు టెండరు పిలవగా, దేశవ్యాప్తంగా ఫ్యాక్టరీలు 1,776 కోట్ల లీటర్లు ఇవ్వజూపాయి. ఆర్డరు దక్కింది 1,048 కోట్లకే. అందులోనూ సుమారు 46 శాతం మొక్కజొన్నది. ఆర్డరు లేని ఫ్యాక్టరీ నూక కొనదు.

పిప్పి పోటీ

పులిసిన తరువాత మిగిలే పిప్పిలో మాంసకృత్తులు అధికం. ఎండబెట్టిన ఈ దాణా సోయా చెక్కకు, నూనె తీసిన తవుడుకు పోటీగా తయారైంది. నూకకు గిరాకీ వచ్చిందని సంతోషించే మిల్లరు తన తవుడు ధర వైపు కూడా ఓ కన్ను వేసి ఉంచాలి. మరో జాగ్రత్త. బూజు పట్టిన ధాన్యంలోని విషం పులిసినా పోదు. పిప్పిలో దాదాపు మూడు రెట్లు చిక్కబడుతుంది. కనుక తడిసిన సరుకునైనా వెంటనే ఆరబెట్టి, బూజు లేకుండా పంపితేనే ధర పలుకుతుంది.

దాళ్వా సరుకు వచ్చేవరకు నూకను నిల్వ చేయదలచినవారు మూడు అంకెలు చేతిలో ఉంచుకోవడం మేలు: ఆ సీజను ఇథనాల్ ధర, ఎఫ్.సి.ఐ. బియ్యం ధర, కాకినాడలో ఎగుమతిదారు చెప్పే ధర. మొదటి అంకెను 43తో హెచ్చించి ఖర్చులు తీసివేస్తే డిస్టిలరీ ఇవ్వగల గరిష్ఠ ధర తేలిపోతుంది. అంతకు మించి పలికే ధర దాణా వ్యాపారిదో ఎగుమతిదారుదో అయి ఉండాలి. కానిపక్షంలో అది వదంతి ధర.