రేపటి ఉలి

మా అమ్మ ఆళ్లగడ్డలో, నేను నంద్యాలలో. మధ్య సుమారు 40 కిలోమీటర్లే! అయినా 2023లో ఆమె పింఛను పుస్తకం ఎక్కడో పెట్టి మరచి, లైఫ్ సర్టిఫికెట్ గడువు దాటబెట్టాను. పింఛను ఆగింది. అమ్మ పల్లెత్తు మాట అనలేదు. అదే నన్ను దహించింది.

ఆళ్లగడ్డ శిల్పుల పనితనం మీకు తెలిసిందే గదా! అక్కడొక వృద్ధశిల్పి పొద్దుగూకగానే ఉలులకు పదును పెట్టి, వరుసగా సర్దడం చూశాను. పొద్దున్నే ఉలికోసం వెతుక్కుంటే ఇక ఆ పూట పని సాగదట.

నేనూ రాత్రి భోజనం కాగానే పది నిమిషాలు కేటాయించాను. తాళంచెవులకు ఒక మేకు, కాగితాలకు ఒకే పెట్టె, రేపటి పనులు మూడు చీటీమీద. మొదట్లో రెండుమూడు రాత్రులు తప్పాను. చీటీని మంచినీళ్ల చెంబు కింద పెట్టాక తప్పలేదు.

మరుసటి ఏడు గడువుకు వారం ముందే పని ముగించాను. అమ్మ నవ్వి, "ఇప్పటికి పెద్దవాడివయ్యావు నాయనా" అంది. అప్పటికి నాకు యాభై రెండేళ్లు!