మోకాలు మారింది, సత్తువ ఎప్పుడొస్తుంది?

వికారాబాద్, తాండూరు ప్రాంతాల సంఘాల్లో మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్ చేయించుకున్న పెద్దలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. హైదరాబాద్ వెళ్లి ఆపరేషన్ చేయించుకుంటారు, నాలుగైదు రోజులకు ఇంటికి వస్తారు, రెండు వారాలకు కుట్లు విప్పుతారు. వాకర్ పోయి చేతికర్ర వస్తుంది. చూసేవాళ్ళకు అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. ఆ మనిషికి మాత్రం స్నానం చేసి వచ్చేసరికే మంచం మీద వాలిపోవాలనిపిస్తుంది. నొప్పి సంగతి సరే గానీ ఈ నీరసం ఏమిటో అర్థం కావడం లేదన్న మాట మేము తరచుగా వింటున్నాం. కొందరైతే తమ విశ్వాసం తగ్గిందేమోనని లోలోపల కుమిలిపోతారు. ఇంట్లోవాళ్ళు బద్ధకం అనుకుంటారు. రెండూ నిజం కాదు.

ఈ అలసటకు కారణాలు శరీరంలోనే ఉన్నాయి. ఇది పెద్ద ఆపరేషన్. ఎముకను కోసి, లోహపు భాగాలు అమర్చుతారు. కొంత రక్తం పోతుంది. ఆపరేషన్ తర్వాత హిమోగ్లోబిన్ 2, 3 గ్రాములు తగ్గడం అరుదేమీ కాదు. ఆడవాళ్ళకు 12, మగవాళ్ళకు 13 కంటే తక్కువైతే రక్తహీనత అంటారు. మన పెద్దమ్మల్లో చాలామంది 11తోనే ఆపరేషన్‌కు వెళ్తారు, ఇక మిగిలేదెంత? దానికితోడు గాయం మాన్పుకోవడానికి శరీరం లోపల రాత్రీపగలూ పని చేస్తూనే ఉంటుంది. రాత్రి నొప్పికి నిద్ర పట్టదు. నొప్పి గోలీల్లో కొన్ని పగలంతా మగతగా ఉంచుతాయి, కొన్ని ఆకలిని చంపేస్తాయి. తినక, నిద్రలేక, రక్తం తక్కువై ఉన్న మనిషికి నీరసం రాకుంటేనే ఆశ్చర్యపోవాలి.

ఎంతకాలం? మొదటి ఆరు వారాలు ఎక్కువగా ఉంటుంది. మూడు నెలలకు చాలామందికి తేడా తెలుస్తుంది. పూర్తి సత్తువ రావడానికి కొందరికి ఏడాది పడుతుంది. పక్కింటావిడ నెలకే బజారుకు వెళ్లిందని మనమూ వెళ్లాలని లేదు.

అయితే ఒక చిక్కు ఉంది. నీరసంగా ఉందని మంచం పట్టి పడుకుంటే మోకాలు బిగుసుకుపోతుంది. వంగే శక్తిని మొదటి వారాల్లోనే సాధించుకోవాలి, ఆలస్యమైతే తర్వాత చాలా కష్టపడాలి. అందుకే ఫిజియో నేర్పిన వ్యాయామం మానకూడదు, మిగతా పనులు తగ్గించుకోవాలి. ఉన్న శక్తిని ముందు మోకాలికి ఖర్చు పెట్టి, మిగిలింది ఇంటికి, చుట్టాలకు ఇవ్వాలి. మనవాళ్ళు దీన్ని తలకిందులు చేస్తారు. పొద్దున్నే వచ్చినవాళ్ళందరితో మాట్లాడి, సాయంత్రం వ్యాయామానికి ఓపిక లేదంటారు. నొప్పి గోలీ వేసుకున్న అరగంటకు, ముప్పావుగంటకు వ్యాయామం చేస్తే సులువు. ఒకేసారి గంట చేసేకంటే రోజుకు మూడుసార్లు కొద్దికొద్దిగా చేయడం మేలు. ఎంత చేశామో చెప్పేది మోకాలే: రాత్రి గడిచినా వాపు తగ్గక, ముందురోజు కంటే ఎక్కువగా ఉంటే నిన్న మోతాదు మించిందన్నమాట. బాగున్న రోజునే ఎక్కువమంది ఇలా దెబ్బతింటారు. ఒక్కసారిగా ఇల్లంతా సర్దేసి రెండు రోజులు లేవలేరు. అన్నట్టు, తాండూరు నాపరాయి బండలు తడిగా ఉన్నప్పుడు ఎంత జారుతాయో మనకు తెలియంది కాదు. అలసిన కాలితో వాటి మీద నడవొద్దు.

తిండి విషయంలో దూరం వెళ్లక్కర్లేదు. తాండూరు కందిపప్పుకు దేశమంతా పేరుంది, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పప్పు, గుడ్డు, పెరుగు, తినేవాళ్ళకు చేప, మాంసం రోజూ ఏదో ఒకటి ఉండాలి. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. గంజి, బ్రెడ్డు, టీతో ఆ పని జరగదు. ఆకలి లేకుంటే కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు తినిపించండి. డాక్టర్ ఐరన్ గోలీలు రాస్తే వాటిని టీతో గానీ పాలతో గానీ వేసుకోవద్దు, నిమ్మరసం మంచిది. ఐరన్‌తో మలం నల్లబడటం మామూలే. కానీ తారులా జిగటగా ఉండి కళ్ళు తిరుగుతుంటే, నొప్పి గోలీల వల్ల కడుపులో రక్తస్రావం కావచ్చు, వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. ఇక ఉపవాస ప్రార్థనలు: మొదటి నెలల్లో, ముఖ్యంగా షుగర్ గోలీలు వాడేవాళ్ళు, ఉపవాసం ఉండకూడదని మేము గట్టిగా చెబుతాం. ఏలీయా బదరీ వృక్షం కింద చావు కోరుకుంటూ పడి ఉన్నప్పుడు దేవదూత ఆయనను గద్దించలేదు. రెండుసార్లు లేపి తినిపించాడు, మధ్యలో నిద్రపోనిచ్చాడు. హోరేబుకు నలభై రోజుల నడక ఆ తర్వాతే.

పగలు నిద్ర వస్తే అరగంట చాలు. సాయంత్రం నాలుగు దాటాక పడుకుంటే రాత్రి నిద్ర పోతుంది. హైదరాబాద్‌లో డాక్టర్‌కు చూపించుకునే రోజున ఇంకే పనీ పెట్టుకోవద్దు. తాండూరు నుంచి వెళ్లి రావడానికే రోజంతా పడుతుంది, ఆ అలసట మరో రెండు రోజులుంటుంది. కారులో గంటకోసారి దిగి నాలుగడుగులు వేయాలి.

అన్ని నీరసాలూ మామూలువి కావు. ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి వస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. రక్తం గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు. పిక్క గట్టిపడి నొప్పిగా వాచినా, జ్వరం వచ్చినా, గాయం నుంచి చీము కారినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నెలలు గడిచినా ఏమీ మారకపోతే రక్తం, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించాలి. మనసు కుంగిందేమో కూడా డాక్టర్‌తో మాట్లాడాలి. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

సంఘంగా మనమూ కొన్ని మార్చుకోవాలి. పరామర్శకు పదిమంది ఒకేసారి వెళ్లి గంట కూర్చుంటే ఆ ప్రేమే ఆ మనిషిని అలసిపోయేలా చేస్తుంది. ఇద్దరు వెళ్లండి, చిన్న ప్రార్థన చేయండి, పావుగంటలో లేవండి. బల్ల దగ్గర మోకరించలేనివారికి సంస్కారం కుర్చీలోనే ఇవ్వమని కాపరులను కోరుతున్నాం, అడిగించుకోకుండానే ఇవ్వాలి. నవంబరులో ధారూర్ జాతరకు అక్టోబరులో ఆపరేషన్ అయినవారిని రమ్మని బలవంతం చేయొద్దు. ఆ గుంపులో, ఆ ఎగుడుదిగుడు నేల మీద నడక వాళ్ళకు ఈ ఏడు తగదు. అన్నం క్యారియర్లు మొదటి వారంలో అందరూ పంపుతారు. ఆరో వారంలో ఎవరూ పంపరు, అప్పటికి కోడలు కూడా అలసిపోయి ఉంటుంది. స్త్రీల సమాజం వంతులు వేసుకునేటప్పుడు ఆ రెండో నెలకు కూడా పేర్లు రాసుకుంటే బాగుంటుంది.