మీకు తెలుసా? ఇంజిన్ చెప్పే పుట్టినరోజు

అమెరికాలో ఇంటి దగ్గరే తయారుచేసుకున్న తోట ట్రాక్టర్‌కు కంపెనీ పేరు ఉండదు కానీ, దానికి బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజిన్ బిగించి ఉంటే, ఆ ఇంజిన్ తయారైన తేదీ చాలావరకు దానిమీదే అచ్చు గుద్ది ఉంటుంది. ‘కోడ్’ అనే వరుసలో మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాతి రెండు నెల, ఆపై రెండు తేదీ. 850612తో మొదలైతే 1985 జూన్ 12 అన్నమాట.

ఇంజిన్‌ను మధ్యలో మార్చి ఉంటే? ఆ సందేహం సబబే. ఇంజిన్‌ను నాలుగు బోల్టులు విప్పి మార్చేయవచ్చు. కాబట్టి దాని తేదీని బండి వయసుగా లెక్కించకూడదు. ఫ్రేముకు వెల్డింగ్ చేసిన వెనక ఇరుసు సాక్ష్యం అంతకన్నా గట్టిది, ఎందుకంటే దాన్ని మార్చాలంటే బండినే కోయాలి. అలాంటి బండ్లకు ఇరుసులు తరచు పాత కార్లవే. ఇరుసు 1927–31 నాటి ఫోర్డ్ మోడల్ ఏ కారుదైతే, ఆ ట్రాక్టర్ 1927కి ముందుది కాదని మాత్రం కచ్చితంగా చెప్పవచ్చు. ఎంత తర్వాతిదో చెప్పాలంటే, మొదటినుంచీ ఉన్న భాగాల్లో అన్నిటికన్నా కొత్తదాన్ని వెతకాలి.